లక్షా పద్నాలుగు వేలు తిరిగిన సెడాన్‌నే ఎందుకు కొనమన్నాం: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

పాత కార్లు కొనేముందు చూసి చెప్పే మా దగ్గరికి 2024 చివరి నెలల్లో వచ్చిన కేసు ఇది. కొనుక్కునే వ్యక్తి విజయనగరం జిల్లాలో ఒక మండలంలో ప్రభుత్వ ఉపాధ్యాయుడు. పేరు, ఊరు, బండి నంబర్లు, అమ్మకందారుల ఆనవాళ్లు తీసేశాం; ఇక్కడ మాస్టారు అనే అందాం. ఇంట్లో నలుగురు. వాళ్లలో మోకాళ్ల నొప్పులతో వాకరు పట్టుకుని నడిచే తల్లి ఒకరు. ఇంటి నుంచి బడికి తొమ్మిది కిలోమీటర్లు. నెలకోసారి అమ్మగారిని విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాలి, రానుపోను నూట యాభై. అన్నీ కలుపుకున్నా నెలకు తిరిగేది సుమారు ఆరు వందల కిలోమీటర్లు.

చేతిలో ఉన్నది మూడున్నర లక్షలు. అప్పు చేయనని ముందే చెప్పారు. బండి ధర, పేరు మార్పు, ఇన్సూరెన్సు, కొన్నాక చేయించాల్సిన పనులు అన్నీ ఆ డబ్బులోనే తేలాలి. సెడానే కావాలన్నది వాకరు డిక్కీలో పట్టాలని, వెనక సీట్లో అమ్మగారు కాళ్లు చాపుకుని కూర్చోవాలని. కోరిక సబబైనదే.

వచ్చిన సమస్య

మాస్టారు వచ్చేటప్పటికే ఒక బ్రోకరుకు ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చేశారు. బండి 2014 డీజిల్ డిజైర్, అడుగుతున్న ధర 3.45 లక్షలు, మీటరు మీద 72,000 కిలోమీటర్లు. "ఒక్కసారి చూసి బాగుందని చెప్పండి చాలు" అన్నది ఆయన మాట. ఆయన మనసులో ఉన్న కొలతలు రెండే: మీటరు తక్కువ ఉండాలి, ఒంటి మీద గీత ఉండకూడదు.

పాత బండిని మేం చూసే పద్ధతి వేరు. లోపం లేని పాత బండి ఉండదు కాబట్టి, ఉన్న లోపం డబ్బుతో పోయేదా, పోనిదా అన్నది ముందు తేల్చాలి. టైర్లు, బ్యాటరీ, సస్పెన్షన్ బుష్‌లు, క్లచ్, రేడియేటర్: వీటన్నిటికీ ఒక రేటుంది. ఆ రేటును బండి ధరలోంచి తగ్గించుకుంటే సరిపోతుంది. దెబ్బ తగిలి వంగిన బాడీ, నీట మునిగిన వైరింగు, తుప్పు తిన్న ఫ్లోరు, ముడిపడిన కాగితాలు: వీటికి రేటు లేదు. ఈ కార్లకు లారీకున్నట్టు విడిగా ఛాసిస్ (అడుగు చట్రం) ఉండదు, బాడీయే ఛాసిస్. అది పాడైతే మార్చడానికి ఇంకో భాగం ఉండదు. ఈ విభజన మీదే మూడు బండ్లనూ తూచాం.

మొదటి బండి: డీజిల్ డిజైర్

మీటరును నమ్మాలా వద్దా అన్నది మీటరును చూసి తేల్చలేం. తిరుగుడు ఎంతో చెప్పేవి మనిషి చేతులూ కాళ్లూ తగిలే చోట్లు. క్లచ్ పెడల్ రబ్బరు ఒక అంచున పూర్తిగా అరిగి లోపలి ఇనుము కనిపిస్తోంది. స్టీరింగు పైభాగం నునుపెక్కింది. వెనక ఎడమ తలుపు సగం తెరిచి కింది అంచు పట్టుకుని పైకెత్తితే కీలు దగ్గర ఆట ఉంది. సొంతానికి వాడే కారులో డ్రైవరు తలుపు ముందు వదులవుతుంది. వెనక ఎడమ తలుపు అరిగిందంటే రోజూ ఎక్కేదిగే జనం వేరే ఉన్నారని.

ఆ తర్వాత ట్యాక్సీ గుర్తుల కోసం వెతికాం. ట్యాక్సీలకు ముందు తెల్ల, వెనక ఎర్ర రిఫ్లెక్టివ్ టేపులు అంటించాలి. టేపు పీకేసినా దాని జిగురు గీత బంపరు అంచున ఏళ్ల తరబడి ఉంటుంది, ఏటవాలుగా టార్చి వేస్తే తేలుతుంది. ఈ బండికి వెనక బంపరు మీద ఆ గీత నిండుగా ఉంది. యాక్సిలరేటర్ పెడల్ పైన వైర్ల గుత్తిలో ఒక జాయింటు కోసి మళ్లీ కలిపి ఇన్సులేషన్ టేపు చుట్టారు. అది ట్యాక్సీ వేగం హద్దు దాటకుండా పెట్టే స్పీడ్ గవర్నరు తీసేసిన చోటు.

చివరగా సర్వీసు రికార్డు. కంపెనీ షోరూముల్లో ఛాసిస్ నంబరు చెబితే పాత జాబ్‌కార్డులు దొరుకుతాయి, కానీ ఓనరు అడిగితేనే ఇస్తారు. అందుకే అమ్మేవాళ్లను పక్కన ఉంచుకుని అడిగించాలి. వాళ్లు దానికి ఒప్పుకోకపోతే అదే సమాధానం. ఇక్కడ ఓనరు ఒప్పుకున్నాడు, పాపం ఆయనకూ తెలియదు. ఆయన రెండో ఓనరు. రెండేళ్ల కిందటి జాబ్‌కార్డులో 1,46,000 అని ఉంది. అప్పుడు అంత చూపిన మీటరు ఇప్పుడు 72,000 చూపుతోంది.

ట్యాక్సీగా తిరిగిన బండి అంటరానిదేం కాదు. ఉన్నదున్నట్టు చెప్పి, అందుకు తగ్గ ధర అడిగితే కొనొచ్చు. ఇబ్బంది మీటరు తిప్పడంతోనే. ఏ భాగం ఎంత వాడుక చూసిందో తెలియకపోతే డీజిల్ బండిలో టర్బో, ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు ఎప్పుడు డబ్బు అడుగుతాయో అంచనా వేయలేం. బడ్జెట్‌లో పైసా మిగలని మనిషికి ఆ అంచనాయే ముఖ్యం.

మీటరు సంగతి పక్కన పెట్టినా, ఈ వాడుకకు డీజిల్ అసలు కావాలా అన్న లెక్క వేశాం. నెలకు 600 కిలోమీటర్లు. పెట్రోలు సెడాన్ లీటరుకు 15 ఇస్తే 40 లీటర్లు, అప్పటి మన జిల్లా ధర సుమారు 109 చొప్పున 4,360 రూపాయలు. డీజిల్ 20 ఇస్తే 30 లీటర్లు, సుమారు 97 చొప్పున 2,910. నెలకు మిగిలేది 1,450, ఏడాదికి 17,400. అదే వయసు, అదే స్థితిలో ఉన్న పెట్రోలు బండి కంటే డీజిల్‌కు అరవై డెబ్బై వేలు ఎక్కువ అడుగుతున్నారు. ఆ తేడా పూడటానికే నాలుగేళ్లు. ఈలోగా ఒక్కసారి ఇంజెక్టర్లు విప్పితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పైగా రోజూ తొమ్మిదేసి కిలోమీటర్ల ప్రయాణంలో డీజిల్ ఇంజను పూర్తిగా వేడెక్కే లోపే బడి వచ్చేస్తుంది. ఇంజను పొగలో కొంత తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ వాల్వులో మసి పేరుకోవడానికి అంతకంటే అనువైన వాడుక ఉండదు. నెలకు పదిహేను వందల కిలోమీటర్లు దాటి, అదీ ఎక్కువగా హైవే మీద తిరిగేవాళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది. మాస్టారి వాడుక అది కాదు.

డిజైర్ వద్దనుకున్నాం. అడ్వాన్సులో పదిహేను వేలు తిరిగొచ్చాయి, ఐదు వేలు పోయాయి. కాగితం రాసుకోలేదు గనక గట్టిగా అడగడానికీ లేకపోయింది.

రెండో బండి: మెరుస్తున్న సిటీ

పెట్రోలు అని తేలాక మాస్టారికి ఇచ్ఛాపురం వైపు నుంచి ఒక 2011 హోండా సిటీ ఫొటోలు వచ్చాయి. ఒడిశా రిజిస్ట్రేషన్, 2.40 లక్షలు. ఇది మంచి ఇంజను, 1.5 ఐ-వీటెక్, టైమింగ్ బెల్టు కాదు, చైనే. ఆయిలు వేళకు మారిస్తే రెండు లక్షల కిలోమీటర్లు దాటి తిరిగేవి ఎన్నో ఉన్నాయి. బండి కూడా కొత్త పాలిష్‌తో, లెదరు సీట్లతో, లోపల సెంటు వాసనతో ఉంది. ఆ సెంటు దగ్గరే అనుమానం మొదలవ్వాలి.

2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ. మూడు తుఫాన్లూ అక్టోబరులోనే, మూడూ గోపాలపూర్ నుంచి విశాఖ దాకా ఉన్న ఈ తీరం మీదే. వీటికి తోడు వంశధార, నాగావళి వరదలు. అందుకే ఈ వైపు 2018కి ముందు తయారైన ఏ బండికైనా నీటి పరీక్ష చేయకుండా బేరం మొదలుపెట్టకూడదు.

పరీక్షకు పరికరం అక్కర్లేదు. ముందు సీటు బెల్టును చివరిదాకా, ఇక రానంతవరకు లాగాలి. రోజూ వాడే మొదటి మూరెడు అందరూ కడుగుతారు. లోపల చుట్టలో ఉండే చివరి జానెడు ఎవరూ కడగరు. ఈ సిటీ డ్రైవరు బెల్టు చివర, ఒక అడ్డగీత దగ్గర రంగు మారింది. గీతకు కింద బట్ట బిరుసుగా, గోరుతో గీరితే సన్నటి మట్టి రాలేలా ఉంది. ఇది ఒక్కటి చాలు. అయినా నిర్ధారణ కోసం ముందుకు పోయాం. సీటు పట్టాల బోల్టులు ఎర్రగా తుప్పెక్కాయి. కారు లోపల, కార్పెట్ మీద ఉండే బోల్టుకు వాననీటితో అంత తుప్పు రాదు. డిక్కీలో స్టెప్నీ తీసి, దాని గుంటలో అతుకుల వెంబడి వేలు తిప్పితే ఎండిన ఒండ్రు వచ్చింది.

ఇగ్నిషన్ ఆన్ చేయగానే డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. ఇందులో అసలు వెలగలేదు. వెలిగి ఆరకపోతే ఏదో లోపం ఉందని. అసలు వెలగకపోతే ఆ లోపాన్ని ఎవరో దాచారని. సీట్ల కింద, కార్పెట్ల అడుగున ఉండే కనెక్టర్లు నీళ్లు తాగితే మొదట అలిగేది ఈ వ్యవస్థే. ఆ తరం సిటీలకు ఇంకో పని కూడా ఉంది: టకాటా కంపెనీ చేసిన లోపమున్న ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్లను (బ్యాగును ఉబ్బించే భాగాలను) 2016, 2017 రీకాల్స్‌లో హోండా ఉచితంగా మార్చింది. ఫలానా బండికి మార్చారో లేదో కంపెనీ సైటులో ఛాసిస్ నంబరు కొట్టి చూసుకోవచ్చు. పాత హోండా కొనేవాళ్లు ఎవరైనా ఇది చూడకుండా డబ్బివ్వొద్దు.

జాకీ ఎత్తి కింద చూస్తే ముందు సబ్‌ఫ్రేము (ముందు చక్రాల భాగాలను మోసే ఇనుప చట్రం) పెచ్చులుగా ఊడుతోంది. పైపైన పట్టిన తుప్పుకూ, తిన్న తుప్పుకూ తేడా స్క్రూడ్రైవరు చెబుతుంది. పిడితో కొడితే ఖంగుమంటే పైతుప్పు. బొదబొదమంటే, మొనతో పొడిస్తే దిగితే, లోహం పోయినట్టు. లోయర్ ఆర్మ్ బిగించే చోట అది బొదబొదమంది. చక్రాన్ని పట్టి ఉంచేది ఆ చోటే.

ఇక్కడ మాస్టారు ఆగలేకపోయారు. బండి అంత నచ్చింది. బేరం ఆడి 1.95 లక్షలకు దింపారు. "నలభై అయిదు వేలు తగ్గింది కదండీ, ఆ డబ్బుతో బాగుచేయించుకుంటే?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. సమాధానం రెండు వైపుల నుంచి వచ్చింది.

ఒకటి, నీట మునిగిన వైరింగు ఒకసారి బాగుచేసి ముగించే పని కాదు. రాగి తీగ లోపల పచ్చగా చిలుము పట్టి, ఒక కనెక్టర్ తర్వాత ఇంకొకటి, ఏళ్ల తరబడి తెగుతూనే ఉంటుంది. ఈ నెల ఫ్యూయల్ పంపు ఆగుతుంది, వచ్చే నెల పవర్ విండో, ఆపై నెల నడిరోడ్డు మీద స్టీరింగు బరువెక్కుతుంది. పాత హార్నెస్ (బండి వైర్ల గుత్తి) మొత్తం తీసి కొత్తది వేయడం రెండు లక్షల బండికి జరిగే పని కాదు.

రెండు, కాగితాలు. బండి మీద బ్యాంకు ఫైనాన్సు ఆర్సీలో అలాగే ఉంది. అప్పు తీరిందన్నారు కానీ బ్యాంకు ఎన్వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్సీలోంచి ఫైనాన్సు తీసేయించే ఫారం 35 చూపించలేదు. అది తీరితే గానీ ఒడిశా ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్వోసీ రాదు. ఆ ఎన్వోసీ లేకుండా ఇక్కడ పేరు మారదు. వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాల్సిందే, వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాల్సిందే. బేరంలో తగ్గిన డబ్బులో పెద్ద వాటా అక్కడే పోతుంది. పైగా 2011 బండికి పదిహేనేళ్ల ఆర్సీ గడువు 2026తో అయిపోతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గి, అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్‌లో కార్లకు ఆ రుసుమును 5,000 చేశారు, గ్రీన్ ట్యాక్స్ వేరే. కింద సబ్‌ఫ్రేము అలా ఉన్న బండికి ఫిట్‌నెస్ వస్తుందని ఎవరు మాటివ్వగలరు?

ధర తగ్గితే లోపం తగ్గదు. ఇది ఒప్పించడానికి మాస్టారికి స్క్రూడ్రైవరు ఇచ్చి ఆయన చేతే కొట్టించాల్సి వచ్చింది. ఆ చప్పుడు విన్నాక ఇంకేం అడగలేదు.

మూడో బండి: ఎవరికీ నచ్చని ఎటియోస్

శ్రీకాకుళం పట్టణంలో ఒక విశ్రాంత ఉద్యోగి బండి. టయోటా ఎటియోస్ పెట్రోలు, 2013 డిసెంబరు రిజిస్ట్రేషన్, ఏపీ 30 నంబరు, ఒకే ఓనరు. మీటరు 1,14,000. ఎడమ ఫెండరు రంగు మిగతా ఒంటితో కలవదు. టైర్లు పాతవి. లోపల ప్లాస్టిక్ ముతకగా ఉంటుంది, స్పీడు మీటరు డాష్‌బోర్డు నడిమధ్యన ఉంటుంది. చాలా రోజులుగా అమ్ముడుపోలేదు. అడిగింది 3.10 లక్షలు.

మాస్టారి మొదటి మాట: "లక్షా పద్నాలుగు వేలంటే ఇంజను అయిపోయినట్టేగా?"

పదకొండేళ్లకు అంత దూరమంటే ఏడాదికి పదివేల పైచిలుకు. ఇంట్లో వాడే బండి సహజంగా తిరిగేది అంతే. పైగా ఈ ఓనరు దగ్గర ఒక ప్లాస్టిక్ ఫైలులో సర్వీసు బిల్లులన్నీ ఉన్నాయి. బిల్లు మీది తేదీ, కిలోమీటరు ఒక కాగితం మీద వరసగా రాసుకుంటూ పోతే ఎక్కడా వెనక్కి పోకూడదు, ఎక్కడా ఏడాదికి మించి ఖాళీ ఉండకూడదు. రెండూ సరిగ్గా ఉన్నాయి. నిజమైన లక్షా పద్నాలుగు వేలు, అబద్ధపు డెబ్బై రెండు వేల కంటే చిన్న అంకె.

ఇన్సూరెన్సు కాగితంలో ఇంకో సాక్ష్యం ఉంది. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఏటా 20, 25, 35, 45 శాతంగా పెరిగి అయిదేళ్లు వరసగా క్లెయిము లేకపోతే 50కి చేరుతుంది. ఈ పాలసీలో 50 ఉంది. అంటే కనీసం అయిదేళ్లుగా పెద్ద దెబ్బకు ఇన్సూరెన్సు వాడలేదు. చొట్టలు సొంత డబ్బుతో తీయించుకుని ఉండొచ్చు గనక బాడీని వేరేగా చూడాల్సిందే.

పెయింటు మందం గేజీతో ప్రతి ప్యానెల్‌నూ నాలుగైదు చోట్ల కొలిచాం. కంపెనీ పెయింటు మామూలుగా 90 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. మళ్లీ కొట్టిన పెయింటు 200 దాటుతుంది. అయిదారు వందలు దాటితే కింద పుట్టీ (చొట్ట పూడ్చే ముద్ద) ఉన్నట్టు. ఇక్కడ అన్నీ 100-135 మధ్య, ఎడమ ఫెండరు ఒక్కటే 230. బంపరు ప్లాస్టిక్ కాబట్టి ఈ గేజీ దాని మీద పనిచేయదు. దాన్ని పట్టించుకోనక్కర్లేదు కూడా. చూడాల్సింది ఫెండరు వెనకాల ఏముందన్నది. బానెట్ ఎత్తి ఎడమ, కుడి ఆప్రాన్లను (ఫెండరు వెనకాల ఉండే లోపలి గోడలను) పక్కపక్కన పోల్చాం: వెల్డింగు చుక్కలు రెండు వైపులా ఒకే ఎడంలో, సీలెంటు గీత ఒకే తీరులో ఉన్నాయి. రేడియేటర్ ముందున్న అడ్డపట్టీ వంగలేదు. ఫెండరు బోల్టుల తలల మీద మాత్రమే పెయింటు చెదిరింది, బానెట్ కీళ్ల బోల్టులు ముట్టుకోలేదు. అంటే గేటుకో గోడకో రాసుకున్న దెబ్బ. ఫెండరు బోల్టులతో బిగించే భాగం. అది బాడీ బలంలో లెక్కలోకి రాదు. మాస్టారు బండిని వద్దనడానికి చెప్పిన మొదటి కారణం ఇలా పోయింది.

సీటు బెల్టు, స్టెప్నీ గుంట, సీటు పట్టాలు శుభ్రం. కింద పైతుప్పు తప్ప ఏమీ లేదు.

ఇంజను పరీక్షకు ఉదయం వెళ్లాం, ముందు రోజు రాత్రే స్టార్ట్ చేయొద్దని చెప్పి. చల్లటి ఇంజను చెప్పే నిజం వేడి ఇంజను చెప్పదు. సెల్ఫ్ ఒక్కసారికే అందుకుంది, నీలిపొగ రాలేదు, చైను గరగర లేదు. వేడెక్కాక ప్లగ్గులు నాలుగూ విప్పి, పెట్రోలు రాకుండా ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి కంప్రెషన్ (సిలిండర్లలో పుట్టే ఒత్తిడి) చూస్తే 185, 182, 180, 184 పీఎస్ఐ. ఒక్కో బండికి అంకె మారుతుంది. సిలిండర్ల మధ్య తేడా పది శాతం మించకపోవడమే అసలు విషయం. ఇక్కడ మూడు శాతం లోపే.

ఈ బండిని దాదాపు వద్దనిపించింది ఒక్కటే: ఇంజనును చల్లబరిచే ద్రవం, కూలెంటు. టయోటాది గులాబీ రంగులో ఉండాలి. ట్యాంకులో ఉన్నది టీ రంగు నీరు. ఎన్నాళ్లుగానో మామూలు నీళ్లు పోస్తున్నారు. నీళ్లు తగ్గుతున్నందుకు పోస్తున్నారా, అలవాటుగా పోస్తున్నారా? తగ్గుతుంటే ఎక్కడికి పోతున్నాయి? హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పైభాగం కింద ఉండే సీలు) పోయి ఇంజను తాగుతుంటే బేరం అక్కడితో ఆపేయాలి. రెండు పరీక్షలు చేశాం. రేడియేటర్ మూత చోట పంపు బిగించి ఒక బార్ ఒత్తిడి ఇచ్చి పావుగంట ఉంచితే ముల్లు కదల్లేదు. తర్వాత ఇంజను నడుస్తుండగా రేడియేటర్ నోటి దగ్గర గాలిని నీలం రంగు పరీక్ష ద్రవం గుండా లాగాం. మండిన వాయువు కలిస్తే అది పసుపుగా మారుతుంది. మారలేదు. ఆయిల్ మూత కింద తెల్లటి నురగ లేదు. కాబట్టి ఇది అలవాటే, లీకేజీ కాదు. డబ్బుతో పోయే లోపాల జాబితాలోకి చేరింది.

మిగతావి గబగబా తేలాయి. టైర్ల పక్కన నాలుగంకెలు 2217, అంటే 2017లో 22వ వారం. గాట్లు మిగిలున్నా పక్కలు పగిలాయి, నాలుగూ మార్చాలి. బ్యాటరీ ఆగి ఉన్నప్పుడు 12.1 వోల్టులు, స్టార్టులో 9 కంటే కిందికి పోయింది, మార్చాలి. ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు చిరిగాయి, లింక్ రాడ్లు టకటకమంటున్నాయి. క్లచ్ బాగా పైన అందుకుంటోంది.

ఈ పనుల రేట్లు కాగితం మీద రాసి ఓనరు ముందు పెట్టాం. "బాబూ, ఇవన్నీ నేను దాచలేదు, ఎవరూ అడగలేదు" అన్నారాయన. నిజమే. 2.72 లక్షలకు ఖాయమైంది. ఈసారి అడ్వాన్సు పది వేలే, అదీ కాగితం మీద: ఆర్సీ మీద బాకీగానీ కేసుగానీ తేలినా, మీటరు రీడింగు బిల్లులతో సరిపోకపోయినా మొత్తం వాపసు.

అమ్మగారిని తీసుకొచ్చి కూర్చోబెట్టి చూశాకే ఆ సంతకం. ఎటియోస్ వెనక ఫ్లోరు చదునుగా ఉంటుంది, మధ్యలో గడ్డ ఉండదు. కాలు ఎత్తి దాటించాల్సిన పని లేకుండా ఆవిడ లోపలికి జరిగారు. 595 లీటర్ల డిక్కీలో మడిచిన వాకరు అడ్డంగా పట్టింది.

కొన్నాక: ముందు కుదరనిది, తర్వాత కుదిరింది

టైర్లు నాలుగు 17,600, బ్యాటరీ 5,200, బుష్‌లు, లింక్ రాడ్లు కూలితో 6,800, అలైన్‌మెంట్ 900, ఇంజను ఆయిలు, గేరు ఆయిలు, బ్రేక్ ఆయిలు, ఫిల్టర్లు, ప్లగ్గులు 7,400. వీటిలో చెప్పుకోదగ్గదేమీ లేదు.

కథంతా కూలింగు దగ్గరే. పాత నీళ్లు తీసి, స్వచ్ఛమైన డిస్టిల్డ్ వాటరుతో తేటగా వచ్చేదాకా కడిగి, థర్మోస్టాట్, పై గొట్టం, కింది గొట్టం మార్చి గులాబీ కూలెంటు నింపితే 4,600 అయింది. అక్కడితో తీరుతుందనుకున్న సమస్య తీరలేదు. కొనేముందు పొద్దుటి చల్లదనంలో ఐడిలింగ్‌లో 98 డిగ్రీలు దాటని ఇంజను ఉష్ణోగ్రత, మిట్టమధ్యాహ్నం ఏసీ వేసి నిలబెడితే 106కి ఎక్కింది. బండి కంప్యూటరు అంకెలు చదివే ఓబీడీ స్కానరు పెట్టుకుని చూస్తేనే ఇది తెలిసింది.

ఇక్కడ చాలా షెడ్లలో రేడియేటర్ మార్చేస్తారు. దానికి ముందు రెండు చవకైన ప్రశ్నలున్నాయి. గాలి పోతోందా? ఏసీ కండెన్సరుకూ రేడియేటరుకూ మధ్య సందులో దుమ్ము, పురుగులు, దూది పేరుకుని ఉన్నాయి; వెనక నుంచి ముందుకు తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టి కడిగితే 102కి దిగింది. మెరుగే గానీ చాలదు. గాలి లాగే ఫ్యాన్ సరిగా తిరుగుతోందా? తిరుగుతోంది, కానీ నీరసంగా. ఫ్యాన్ కనెక్టర్ దగ్గర వోల్టు మీటరు పెడితే 13.6 వోల్టులు నిండుగా అందుతున్నాయి. కరెంటు సరిగ్గా వస్తోందంటే రిలే, ఫ్యూజు, వైరింగు బాగున్నట్టు. మోటారులో బ్రష్‌లు అరిగాయి. మోటారు మార్చితే 3,900. అదే ఎండలో, అదే ఏసీతో అరగంట నిలబెట్టినా 97 దాటలేదు. రేడియేటర్ పాతదే ఉంది.

పనులన్నీ కలిపి 46,400. పేరు మార్పు, ఇన్సూరెన్సు 11,000. బండి ధరతో మొత్తం 3,29,400. మూడున్నర లక్షల్లో 20,600 మిగిలాయి.

క్లచ్ అప్పుడే మార్చొద్దన్నాం. పైన అందుకోవడం అరుగుదలకు గుర్తే, కానీ జారనంతవరకు అది ప్రమాదం కాదు. నెలకు ఆరు వందల కిలోమీటర్ల వాడుకలో ఆ అరుగుదలకు ఇంకా కాలం పట్టొచ్చు. క్లచ్ సెట్టు, కూలి పద్నాలుగు వేల లోపు. మిగిలిన డబ్బు దానికే తీసిపెట్టమన్నాం.

ఈ కేసు నుంచి పనిలోకి తెచ్చుకున్నవి

పరీక్షల వరస మారింది. మా దగ్గర ఇదివరకు ఇంజను చప్పుడుతో మొదలుపెట్టేవాళ్లు ఇప్పుడు కాగితాలతో మొదలుపెడుతున్నారు: ఆర్సీ గడువు, ఎన్నో ఓనరు, ఫైనాన్సు, చలాన్లు. ఇవి ఫోనులోనే ఎం-పరివాహన్‌లోనూ ఈ-చలాన్ సైటులోనూ బండి దగ్గరికి వెళ్లకముందే తేలతాయి. ఛాసిస్ నంబరు మాత్రం బండి మీద చూసి, పెన్సిల్‌తో అచ్చు తీసుకుని ఆర్సీతో పోల్చాలి. తర్వాత నీళ్లు, తుప్పు. తర్వాత బాడీ. ఇంజను నాలుగోది. మొదటి మూడింటిలో ఏదైనా పోతే నాలుగోదాకా పోనక్కర్లేదు. మనసు పడ్డాక లోపం కనిపించదు గనక, ఫొటోలు చూసి మనసు పడకముందే ఈ వరసలో పోవాలి.

బడ్జెట్‌లో ఏడో వంతు బండికి ఇవ్వకుండా ఉంచుకోమని ఇప్పుడు గట్టిగా చెబుతున్నాం. మూడున్నర లక్షలు ఉన్న మనిషి మూడు లక్షలకు మించిన బండి చూడకూడదు. చల్లని పూట దాక్కుని ఎండలో బయటపడే ఫ్యాన్ మోటారు లాంటివి ప్రతి పాత బండిలోనూ ఒకటో రెండో ఉంటాయి.

పేరు మార్పును అమ్మినవాళ్ల మీదా బ్రోకర్ల మీదా వదిలేయకూడదు. పేరు మార్పు ఫారాలైన 29, 30 మీద సంతకాలు డబ్బు చేతులు మారేరోజే తీసుకోవాలి. ఇన్సూరెన్సు మార్పునకు పద్నాలుగు రోజుల్లో దరఖాస్తు చేయాలి; థర్డ్ పార్టీ భాగం బండితోపాటు వస్తుంది గానీ, సొంత బండి నష్టానికి వచ్చే భాగం పేరు మారితేనే పనికొస్తుంది. పాత ఓనరు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, కాబట్టి ఆయన కట్టిన ప్రీమియం చూసి మన ఖర్చు లెక్కేసుకోకూడదు.

అప్పగించేటప్పుడు మాస్టారికి రెండు పనులు రాసిచ్చాం. నెలకోసారి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, కూలెంటు ట్యాంకు మీద మార్కరుతో గీసిన గీత దగ్గరే నీరు ఉందా చూడటం. తగ్గితే నీళ్లు పోయకుండా ఫోను చేయడం. రెండు నెలలకోసారి, ఖాళీగా ఉన్న చదునైన రోడ్డు మీద మూడో గేరులో నలభై వేగంతో పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కడం. ఇంజను చప్పుడు ఒక్కసారిగా పెరిగి, బండి వేగం దాంతోపాటు పెరగకపోతే క్లచ్ జారడం మొదలైనట్టు. ఆ వారంలోనే మార్చేయాలి, లేకపోతే ఫ్లైవీల్ కూడా కాలిపోయి ఖర్చు రెట్టింపవుతుంది. ఆరు నెలల తర్వాత చూస్తే కూలెంటు గీత దగ్గరే ఉంది, క్లచ్ ఇంకా జారడం లేదు.